ట్యాంకు కోయకుండా

ఫిబ్రవరి 4

ఒరేయ్ పిడుగూ,

మీ అక్క బతికే ఉంది. రెండు నెలలుగా ఉత్తరం లేదని ముఖం మాడ్చుకుని ఉంటావు. ఆ అలక కాసేపు పక్కన పెట్టి ఇది చదువు. పని పడింది కాబట్టే రాస్తున్నాను, నీ దగ్గర దాపరికం ఎందుకు? ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. షాపులో ఒక పక్క గ్రైండరు, ఇంకో పక్క కంప్రెసరు. నువ్వు చెప్పే కొలతలు సగం గాల్లో కలిసిపోతాయి. కాగితం మీద ఉంటే గోడకి అంటించుకుంటాను.

పశువుల డాక్టరమ్మ జీపు నీకు గుర్తుండే ఉంటుంది. ఆకుపచ్చది, వెనక తలుపు తాడుతో కట్టి ఉండేది. ఆవిడ ఇప్పటికీ దాన్నే నడుపుతోంది. ఈమధ్య కొండ మీది ఇళ్ళకి కూడా వెళ్ళాల్సి వస్తోందట. బాగా ఎత్తు ఎక్కేటప్పుడు కార్బురేటర్లో పెట్రోలు ఒక పక్కకి ఒరిగిపోయి ఇంజను టప్పున ఆగిపోతోంది. కిందటి నెల సరిగ్గా మలుపులో ఆగింది. బ్రేకు పట్టలేదు. బండి వెనక్కి జారి ఎవరిదో పిట్టగోడకి ఆనుకుని నిలబడింది. ఆ గోడే లేకపోతే ఆవిడ లేదు. నేను వెళ్ళేసరికి రోడ్డు పక్కన రాయి మీద, మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది పాపం.

ఆ కార్బురేటర్ని నేను ఇరవైసార్లు విప్పి ఉంటాను. ఫ్లోటు ఎత్తు మార్చాను, జెట్లు మార్చాను. కార్బురేటర్ అంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. అయినా నా నోటితో నేనే చెప్పాను, "డాక్టరమ్మా, ఇక దీన్ని పీకేసి ఇంజెక్షన్ పెట్టించుకోండి" అని. "గేదెలకి నేను రోజూ చేసేదేగా, నా బండికి మీరు చేసెయ్యండి" అంది ఆవిడ.

పెట్రోలుని ఒత్తిడితో ఇంజన్లోకి చిమ్మే ఆ ఇంజెక్షన్ కిట్టు వచ్చేసింది. కార్బురేటర్ ఉన్న చోటే కూర్చునే రకం. కంప్యూటర్ పెట్టె, వైర్లు అన్నీ ఉన్నాయి. ట్యాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు ఎలా రావాలన్నది మాత్రం అరపేజీలో తేల్చేశారు. పంపు ఎక్కడ పెట్టాలి, ఫిల్టర్లు ఎన్ని, పైపు ఏ రకం, మిగిలిన పెట్రోలు వెనక్కి ఏ దారిన పోవాలి? ఆ పంపుల కంపెనీలో నువ్వు రోజూ చేసే పని ఇదే కదా. బొమ్మ గీసి పంపు. ట్యాంకు కొలతలు ఈ కాగితం వెనక రాశాను.

మీ బావ బాగానే ఉన్నాడు. షట్టరు తీస్తాడు, టైర్లకి గాలి కొడతాడు, టీ తెస్తాడు. నిన్న ఒక కారుకి నాలుగు టైర్లకీ గాలి కొట్టి మూతలు మూడే పెట్టాడు. ఆయన మతిమరుపు నీకు కొత్తేమీ కాదుగా.

త్వరగా రాస్తావని,
అక్క


ఫిబ్రవరి 13

అక్కా,

అలిగిన మాట నిజమే. నీ ఉత్తరం చూడగానే అలక పోయిన మాట కూడా నిజమే. ఇదిగో నీ ప్లాను. రెండు రోజులు భోజనాల టైములో కూర్చుని గీశాను. మా సూపర్వైజరు భుజం మీదుగా తొంగిచూసి, "ఏంటి, రేసు బండా?" అన్నాడు. "కాదు సార్, గేదెల బండి" అన్నాను. అప్పటినుంచీ సెక్షన్లో అందరూ నన్ను గేదెలాయన అంటున్నారు. నీ పుణ్యమే.

ముందుగా నువ్వు కార్బురేటర్ని మనసులోంచి తీసెయ్యాలి. దానికి నాలుగైదు పౌండ్ల ఒత్తిడి సరిపోయేది. దీనికి అరవై దాకా కావాలి. ఇంజను పక్కనున్న పాత పంపు తీసేసి ఆ రంధ్రానికి పలక బిగించు. కరెంటు పంపు బాగా నెడుతుంది గానీ సరిగ్గా పీల్చలేదు. అందుకని ట్యాంకుకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, ట్యాంకు లోపలే ఉంటే మరీ మంచిది. పంపుకి ముందు జల్లెడలాంటి ఫిల్టరు, పంపు దాటాక సన్నటి ఫిల్టరు. పాత రబ్బరు పైపు జానెడు ముక్క కూడా మిగల్చకు. ఆ ఒత్తిడికి చీలి, వేడి ఇంజను మీద చిమ్ముతుంది. పళ్ళున్న క్లాంపులు వాడకు, అవి రబ్బరుని కొరికేస్తాయి. గుండ్రంగా అంతటా సమంగా పట్టేవి వాడు.

ఇంజను తాగేది కొంచెమే. మిగిలినదంతా, ఒత్తిడిని అదుపులో పెట్టే రెగ్యులేటరు దగ్గర్నుంచి మళ్ళీ ట్యాంకులోకి వెళ్ళాలి. ఆ దారిలో ఎక్కడా ఇరుకు ఉండకూడదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ట్యాంకులో పావు వంతే పెట్రోలు ఉందనుకో, అదంతా ఒక మూలకి పోతుంది. పంపు నోట్లోకి గాలి వెళుతుంది. కార్బురేటర్లో అయితే గిన్నెలో ఉన్నది కాసేపు నెట్టుకొస్తుంది. ఇంజెక్షన్‌కి అలాంటి గిన్నె ఉండదు, గాలి తగిలిన మరుక్షణం ఇంజను చస్తుంది. డాక్టరమ్మ మళ్ళీ అదే మలుపులో, అదే గోడకి. కాబట్టి ట్యాంకు దించి, పైభాగం చతురస్రంగా కోసి, లోపల చిన్న గదిలాంటి అర వెల్డు చేసి, పంపుని ఆ అరలో కూర్చోబెట్టాలి. వెనక్కొచ్చే పెట్రోలు కూడా ఆ అరలోనే పడాలి. అప్పుడు బండి తలకిందులైతే తప్ప పంపుకి దాహం వెయ్యదు. పద్ధతి అంటే ఇదీ. మిగతావన్నీ అతుకుల బొంతలు.

బావని అడిగానని చెప్పు.

గేదెలాయన


ఫిబ్రవరి 21

పిడుగూ,

బొమ్మ అద్దంలా ఉంది. గోడకి అంటించాను. పాత పంపు ఇవాళే పీకేశాను, పలక నేనే కోసి బిగించాను. ఫిల్టర్లు, క్లాంపులు నువ్వన్నట్టే తెప్పిస్తున్నాను.

ట్యాంకు మాత్రం కొయ్యను. పెట్రోలు తాగిన ట్యాంకుకి నా షాపులో మంట చూపించేది లేదు. ఈ మాట నీకు నేను విడమరిచి చెప్పాల్సి రావడమే వింతగా ఉంది. ఆ లారీ ట్యాంకు పేలిన చప్పుడుకి నేను వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి నువ్వు గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడి ఉన్నావు. మీ బావ నేల మీద ఉన్నాడు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఎడమ చెవి ఆ రోజు నుంచీ పనిచెయ్యదు. పదిహేనేళ్ళు వెల్డింగు టార్చి పట్టినవాడు, ట్యాంకులో నీళ్ళు నింపకుండా మంట పెట్టాడు! నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా చెయ్యడు ఆ పని. ఆసుపత్రి వరండాలో నువ్వే ఏడుస్తూ చెప్పావు, "బావ నీళ్ళు నింపడం మర్చిపోయాడక్కా" అని.

తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచీ ఆయన చేతికి నేను అగ్గిపెట్టె కూడా ఇవ్వలేదు. వెల్డింగు గ్యాసు సెట్టు ఆ నెలలోనే వదిలించుకున్నాను. ఉన్న మూడు వేళ్ళతోనే మెల్లగా పని అలవాటు చేసుకోవచ్చని డాక్టర్లు చెప్పారు. వేళ్ళు సరిపోతాయి, బుద్ధి సరిపోదు అన్నాను. ఆయన ఎదురుగానే అన్నాను. ఆయన లేచి టీ తేవడానికి వెళ్ళాడు.

కాబట్టి ట్యాంకు కోయకుండా ఇంకో దారి చూడు. నాకొకటి తోచింది. ట్యాంకు బయటే ఒక చిన్న డబ్బా పెడదాం. ఒక చిన్న పంపు ట్యాంకులోంచి తోడి ఆ డబ్బాని ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది. అసలు పంపు ఆ డబ్బాలోంచి తాగుతుంది. ఎత్తులో ట్యాంకు పెట్రోలు ఎటు ఒరిగినా, కాసేపు డబ్బా కాపాడుతుంది కదా? నవ్వకు. నవ్వినా నాకు తెలియకుండా నవ్వు.

అక్క


మార్చి 2

అక్కయ్య గారికి,

నవ్వలేదు, బాధపడ్డాను. నువ్వు నన్ను సలహా అడిగావు. ఇచ్చాను. ఇచ్చిన సలహాలో ముఖ్యమైన ముక్క తీసేసి మిగతాది గోడకి అంటించావు. ఇక్కడ రోజుకి వంద పంపులు నా చేతి మీదుగా పరీక్ష బెంచి ఎక్కి దిగుతాయి. పెద్ద పెద్దవాళ్ళు నా సంతకం కోసం నిలబడతారు. నీ లెక్కలో మాత్రం నేనింకా స్పానర్లు అందించేవాణ్ణే.

డబ్బా సంగతి మాకు తెలియనిదేమీ కాదు. రెండు పంపులు, రెట్టింపు పైపులు, రెట్టింపు అతుకులు. ప్రతి అతుకూ కారడానికి ఒక అవకాశం. పైగా డబ్బా నిండిపోయాక పొంగేది మళ్ళీ ట్యాంకులోకే పోవాలి కదా! దానికి ట్యాంకుకి ఒక రంధ్రం కావాలి. ట్యాంకు కొయ్యనంటివి. మరి ఆ రంధ్రం ఎక్కడినుంచి తెస్తావు, బజార్లో కొంటావా?

ట్యాంకు కొయ్యడం ప్రమాదం కాదక్కా, తెలియకుండా కొయ్యడం ప్రమాదం. చాలామంది కడిగితే చాలనుకుంటారు. చాలదు. ఎంత కడిగినా అతుకుల్లో, మడతల్లో పెట్రోలు దాక్కుని ఉంటుంది. వేడి తగలగానే ఆవిరై లోపల నిండుతుంది. ఇక్కడ చేరిన మొదటి వారంలోనే మాకిది చూపించారు. ఓహో, ఆ రోజు సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగినా పేలిందంటే ఇందుకేనన్నమాట అని అప్పుడు అర్థమైంది నాకు. అందుకని ఆవిరికి చోటు లేకుండా, వెల్డింగు చేసే చోటు దాకా నీళ్ళు నింపి తీరాలి, కోసేది మంటతో కాకుండా రంపంతో కొయ్యాలి. ఇదంతా వరసగా రాసిస్తాను. బయటి వెల్డర్ని పిలిపించు. బావని మాత్రం దూరంగా కూర్చోబెట్టు, మళ్ళీ ఏది మర్చిపోతాడో.

ఇష్టమైతే అలా చెయ్యి. లేదంటే నా బొమ్మ గోడ మీంచి తీసెయ్యి.

నీ తమ్ముడు


మార్చి 9

తమ్ముడూ,

నువ్వడిగిన రంధ్రం బజార్లో దొరకలేదు, బండిలోనే దొరికింది. పెట్రోలు పోసే మూత దగ్గర్నుంచి ట్యాంకు దాకా లావుపాటి రబ్బరు గొట్టం ఉంటుంది చూడు. దాన్ని మధ్యలో తెంపి, అందులో జానెడు ఇనప గొట్టం దూర్చి, ఆ ఇనప గొట్టానికి పక్కన సన్నటి ముక్కు పెడతాను. డబ్బా పొంగినది ఆ ముక్కులోంచి పడి, పెట్రోలు పోసే దారినే ట్యాంకులోకి జారిపోతుంది. డబ్బా కొత్త రేకు, గొట్టం కొత్త ఇనుము. ట్యాంకు మీద గీత కూడా పడదు. ఇందులో తప్పేముందో రాయి. వాలు ఎంత ఉండాలో కూడా రాయి.

ఇంకో సంగతి. నీ ఉత్తరం మొదటిసారి కోపంతో చదివాను. రెండోసారి కొలతల కోసం చదివాను. అప్పుడు కనబడింది. ఆ రోజు సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగారని రాశావు.

నాకు తెలిసినంతలో ఆ ట్యాంకుని ఎవరూ కడగలేదు. లారీవాడు నెత్తి మీద కూర్చున్నాడు, మీ బావ దాన్ని వచ్చింది వచ్చినట్టే బల్ల మీద పెట్టి టార్చి వెలిగించాడు. నువ్వు నాకు చెప్పింది అదే. బస్సుకి టైమవుతోందని బట్టలు సర్దుకుంటున్నానని, చప్పుడు విని వచ్చానని అన్నావు. సబ్బు అన్న మాట ఈ తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి వింటున్నాను.

ఎవరు కడిగారు? ఆ ఒక్క మాట రాయి.

అక్క


మార్చి 17

అక్కా,

అయితే బావ చెప్పేశాడన్నమాట.

అన్నీ తెలుసుకుని ఏమీ తెలియనట్టు అడగడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటు. పగిలిన గ్లాసు నీ వెనక దాచుకుని "గ్లాసేదిరా?" అని అడిగేదానివి. ఇప్పుడూ అదే. సూటిగా తిట్టొచ్చుగా? ఉత్తరంలో సగం వాలు గురించి, సగం సబ్బు గురించి రాయడం ఎందుకు?

నేనే కడిగాను. చాలా? రెండుసార్లు కడిగాను, ఒళ్ళు దాచుకోలేదు. నీళ్ళు మాత్రం నింపలేదు. కుళాయిలో నీళ్ళు దారంలా వస్తున్నాయి. అంత ట్యాంకు నిండాలంటే గంట. నాకు సాయంత్రం బస్సు ఉంది, రెండ్రోజుల్లో ఉద్యోగంలో చేరాలి. ఆయన టార్చి తీసుకుని, "నీళ్ళు నింపావా?" అని అడిగాడు. "నింపాను, కానివ్వు బావా" అన్నాను. అంత శుభ్రంగా కడిగాక ఏమవుతుందిలే అనుకున్నాను. నాకప్పుడు తెలియదక్కా. ఇరవై రెండేళ్ళవాణ్ణి. ఆయన పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు, ఒకసారి వేలితో కొట్టి చూడొచ్చుగా? నిండినది మోగదు, ఖాళీది మోగుతుంది. ఆ మాత్రం చూసుకోవద్దా?

ఇంకా వింటావా? ఎవరికీ చెప్పొద్దన్నది ఆయనే. నేను బతిమాలలేదు. ఆసుపత్రిలో మంచం మీంచే చెప్పాడు, "ఇలాంటిది జరిగిందని తెలిస్తే నిన్ను పెట్రోలు పంపుల దగ్గరికి రానిస్తారట్రా? వెళ్ళి చేరు. ఇది నేను చూసుకుంటా" అని. మాట ఇచ్చినవాడు మాట మీద ఉండాలి. తొమ్మిదేళ్ళ తర్వాత పెళ్ళాం చెవిలో ఊదడం ఏం మర్యాద? నేను ఇక్కడ నిలదొక్కుకున్నానని కడుపుమంట కాకపోతే?

గొట్టం ఆలోచన పనిచేస్తుంది. ముక్కు ట్యాంకు వైపు వాలి ఉండాలి, పైపు ఎక్కడా కిందికి వేలాడకూడదు.

నీ తమ్ముడు


మార్చి 26

తమ్ముడికి,

మీ బావ నాకేమీ చెప్పలేదు. నేను ఆయన్ని అడగనే లేదు. చెప్పింది నువ్వు. ఈ ఉత్తరంలో, నీ చేత్తో.

దాన్ని ఆయనకి చదివి వినిపించాను. ఆయనకి ఒక చెవే పనిచేస్తుంది కదా, గొంతెత్తి చదవాలి. కంప్రెసరు ఆపి మరీ చదివాను. గాలి కోసం వచ్చిన ఇద్దరు బండ్లవాళ్ళు కూడా విన్నారు. "కడుపుమంట" దాకా చదివి కాగితం మడిచేశాను. ఆయన గాలి పైపు చుట్టుకుంటూ, "కొట్టి చూడాల్సింది నేనేలే. వాడు చెప్పింది నిజమే" అన్నాడు. అంతే. ఒరేయ్, ఆ మాటకి నాకు ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది. తర్వాత నా చెంపే కొట్టుకోవాలనిపించింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "చెబితే వాణ్ణి మళ్ళీ గుమ్మం తొక్కనిస్తావా? నీకు ఇంకెవరున్నారు, వాడొక్కడేగా" అన్నాడు. నాకోసమట. నాకు తమ్ముణ్ణి మిగల్చడానికి ఆయన తన పేరు పోగొట్టుకున్నాడు. ఆ తమ్ముడి సంగతి చూస్తే ఇదీ.

మాట ఇచ్చినవాడు మాట మీద ఉండాలని నాకు చెబుతున్నావా? ఆయన ఎవరికీ చెప్పొద్దని నీతో అన్నది మర్నాడు పొద్దున, స్పృహ వచ్చాక. "బావ మర్చిపోయాడక్కా" అని నువ్వు నాతో అన్నది ముందురోజు సాయంత్రం, వరండాలో. ఆయన కళ్ళు కూడా తెరవలేదు అప్పటికి. ఆయన నిన్ను కాపాడక ముందే నువ్వు ఆయన్ని అమ్మేశావు. ఇరవై రెండేళ్ళకి అది మాత్రం తెలిసిందే నీకు! సరే, అప్పుడు భయపడ్డావనుకుందాం. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే కడిగితే చాలదని నేర్చుకున్నావు. అంటే మొదటి వారంలోనే తప్పెవరిదో నీకు ఖాయంగా తెలుసు. ఆ తర్వాత నాకు ఎన్ని ఉత్తరాలు రాశావు? ప్రతి దాంట్లోనూ బావ మతిమరుపు మీద ఒక జోకు.

నేనూ తక్కువ తినలేదు. తొమ్మిదేళ్ళుగా పరాయివాళ్ళ ముందు ఆయన్ని ఎన్నెన్ని మాటలు అన్నాను! గేటు అతకమని ఎవరైనా వస్తే, "ఆయనకిస్తే మీ ఇల్లు తగలబెడతాడు" అన్నాను. జనం నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. ఆయన రెండు వేళ్ళు నీ అబద్ధానికి పోయాయి. మిగిలిన మూడింటికి పని లేకుండా చేసింది నేను. ఆ పాపం నీ మీదికి తొయ్యలేను, తోసే దారి ఉంటే తోసేదాన్నే.

పైపుల పని ఆపలేదు. డాక్టరమ్మ కొండ కిందనుంచి నడిచి వెళుతోంది.

అక్క


ఏప్రిల్ 3

అక్కా,

ఏం రాసినా చాలదని తెలుసు. మూడు కాగితాలు చింపాను. కడుపుమంట అన్నందుకు నా చెయ్యి విరిగిపోవాలి. తప్పు నాదే. అప్పుడూ నాదే, ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చున్న ప్రతి రోజూ నాదే. నువ్వు ఆయన్ని తిడుతున్నావని తెలిసినప్పుడల్లా, ఇంకో ఉత్తరంలో చెబుదాం అనుకునేవాణ్ణి. ఆ ఇంకో ఉత్తరంలో ఒక జోకు రాసేవాణ్ణి.

నీ ప్లాను మా కంపెనీ పెద్దాయనకి చూపించాను. "ఎవరు గీశారు? ట్యాంకు ముట్టుకోకుండా భలే తప్పించారే" అన్నాడు. మా అక్క అని చెప్పాను.

ఒక్క మాట విను. డబ్బా, గొట్టం రెండూ పెట్రోలు వాసన కూడా తెలియని కొత్త ఇనుము కదా. పేలేది లేదు, గీలేది లేదు. అవి బావ చేత వెల్డు చేయించు. గ్యాసు సెట్టు ఎవరినైనా అడుగు. ఆయన చెయ్యి ఊరికే పోయే చెయ్యి కాదు. ఆయన మళ్ళీ టార్చి పడితే అన్నీ మెల్లగా సర్దుకుంటాయి.

నెలాఖరుకి సెలవు పెడుతున్నాను. వచ్చి ఆయన కాళ్ళ మీద పడతాను. కాదనకు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

నువ్వన్నది నాకూ తోచింది. పక్క వీధిలో గేట్లు చేసే మేస్త్రీ దగ్గర ఒక రోజుకి గ్యాసు సెట్టు అడిగి తెచ్చాను. రేకు ముక్కలు కోసి బల్ల మీద పెట్టి, "ఇది మీరే అతకాలి" అన్నాను. ఆయన వినబడనట్టు రెండోసారి అడిగాడు. మంచి చెవి దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పాను. వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో, మోచేతుల దాకా. చొక్కా కూడా మార్చుకున్నాడు.

మంట వెలిగించడం మర్చిపోలేదు. నీలంగా, సన్నగా, ఒక్కసారికే కుదిరింది. నాకు గుండె నిండిపోయింది. టార్చి కుడి చేత్తో పట్టుకున్నాడు, ఉన్న మూడు వేళ్ళతో. ఎడమ చేత్తో కడ్డీ. నెమ్మదిగా నాలుగు అంచులూ అతికాడు. చల్లారాక ముక్కులన్నీ మూసి, గాలి పట్టించి, నీళ్ళ తొట్టిలో ముంచాను. అతుకు పొడుగునా బుడగలు లేచాయి.

రేకు తుడిచి మళ్ళీ అతికాడు. మళ్ళీ బుడగలే, ఈసారి ఇంకో పక్కన. మూడోసారి రేకు కాలిపోయి, చేతి వేలు దూరేంత రంధ్రం పడింది. ఆయన అతుకు ఎలా ఉండేదో నీకు తెలుసు, కుట్టుమిషను మీద కుట్టినట్టు ఉండేది. పొరుగూరి మేస్త్రీలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. నేను కొత్త రేకు తీసి ముందు పెట్టాను. ఆయన మంట ఆపేశాడు.

"వేళ్ళ గొడవ కాదే. కళ్ళు నిలవట్లేదు. ఎక్కడ కరుగుతోందో కనబడట్లేదు" అన్నాడు. టార్చి బల్ల మీద పెట్టి, "అప్పుడే మొదలుపెట్టుంటే వచ్చేదేమో" అన్నాడు. నన్ను అనాలని అనలేదు. ఆయనకి అలా అనడం రాదు. వెల్డింగు నల్ల అద్దాలు తుడిచి, మడిచి, గ్యాసు సెట్టు తనే తోసుకుంటూ మేస్త్రీకి అప్పగించి వచ్చాడు. వస్తూ టీ కూడా తెచ్చాడు. నేను వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

డబ్బా, గొట్టం ఆ మేస్త్రీయే అరగంటలో అతికిచ్చాడు. ఒక్క బుడగ రాలేదు. పైపులన్నీ నేనే వేశాను. పంపు తిప్పితే ఒత్తిడి మీటరు ముల్లు అరవై దగ్గర కదలకుండా నిలబడింది. ప్రతి అతుకూ కాగితంతో తుడిచి చూశాను, ఎక్కడా తడి లేదు. ట్యాంకులో పావు వంతే పోసి, డాక్టరమ్మ పక్కన నేను కూర్చుని, ఆ మలుపు దాకా ఎక్కాం. గోడ ఎదురుగా ఆపించి, బండి ఎత్తు మీద ఉండగానే ఐదు నిమిషాలు ఇంజను అలాగే నడిపించాను. తొణకలేదు. ఆవిడ స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది.

షాపుకి తిరిగొచ్చాక, "ఎవరు చెప్పారండీ ఈ పద్ధతి?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మీ బావ అందుకున్నాడు. "మా బావమరిదండీ. పెద్ద కంపెనీలో చేస్తాడు. అక్కడ వాడి సంతకం లేనిదే పంపు బయటికి పోదు" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో చెప్పలేను. అది నా ప్లాను. కాదనడానికి నాకు మనసు రాలేదు. ఆ గర్వం తప్ప ఆయన దగ్గర ఇంకేం మిగిలింది?

సెలవు పెట్టకు. నువ్వు రావద్దు. నీ మీద నాకు కోపం ఉంది, అది ఈ జన్మకి తగ్గుతుందో లేదో తెలియదు. కానీ వద్దంటున్నది అందుకు కాదు. నువ్వొస్తే ఆయన వీధి చివరిదాకా ఎదురొచ్చి నీ చేతిలో బ్యాగు అందుకుంటాడు. ప్రయాణం బాగా జరిగిందా అని నవ్వుతూ అడుగుతాడు. అది నేను చూడలేను.

అక్క